పరిమళ తైలములును మనస్సును

వైశాఖమాసపు మధ్యాహ్నమున గుమ్మమునకు కట్టిన వట్టివేళ్ళ తడికెపై నీళ్ళు చల్లగనే ఇల్లంతయు వ్యాపించు చల్లని వాసనను ఎఱుగని తెలుగు ఇల్లాలు అరుదు. ఆ వాసన సోకినంతనే ముడివడిన కనుబొమలు సడలును. పసిబిడ్డల పేచీలు తగ్గును. పొయ్యి వేడిమికి విసిగిన మనస్సు ఒక్క గడియ తేఱుకొనును. మరువము, దవనము, సంపెంగ, మొగలిరేకులు మొదలగువానిని మన పెద్దలు సింగారమునకే వాడిరని తలచుట పొరపాటు. మనస్సునకును ముక్కునకును గల చుట్టఱికమును వారు బాగుగ నెఱుగుదురు.

ఇప్పుడా పరిమళములన్నియు చిటికెనవ్రేలంత సీసాలలోనికి దిగి అంగళ్ళకు వచ్చినవి. 'దిగులు తీఱును, నిద్ర పట్టును, జ్ఞాపకశక్తి హెచ్చును, బిడ్డలకు చదువు వంటబట్టును' అని వానిపై చీటీలు పలుకుచున్నవి. చదువుకొన్న ఇండ్లలోను, చదువులేని ఇండ్లలోను గూడ ఆ మాటలను నమ్మువారు పెక్కండ్రు. మా యింట ఈ సీసాలవలన కొంత మేలును, ఒకమాఱు గొప్ప చిక్కును కలిగినవి. ఆ రెంటిని దాచక సోదరీమణుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తైలము వచ్చు తెఱగు

వీనిని తైలములందుమే గాని ఇవి మన నువ్వులనూనె, కొబ్బరినూనెల వంటివి గావు. తెల్లకాగితముపై నువ్వులనూనె చుక్క నొకచోట, నిమ్మగడ్డి తైలపు చుక్క నొకచోట వేసి ఆరనిండు. నూనె మరక అట్లే నిలిచియుండును. తైలపు చుక్క చాలవఱకు గాలిలో కలిసిపోవును. ఆకులలో, పూవులలో, వేళ్ళలో, బెరడులో దాగియుండి గాలి సోకినంతనే ఎగిరిపోవు సారమే పరిమళతైలము. అట్లెగిరి ముక్కును చేరుటవలననే మనకు వాసన తెలియుచున్నది.

దీనిని పట్టుటకు మన దేశమున పూర్వమునుండియు రెండు మూడు ఉపాయములు కలవు. నువ్వులను పూవులతో పొరలుపొరలుగ పేర్చి, వాసన పట్టిన పిమ్మట గానుగాడించుట యొకటి. వేఱొకటి బట్టీపెట్టుట. ఉత్తరదేశమున కనౌజు పట్టణమువారు నేటికిని ఆ పని చేయుచున్నారు. పెద్ద రాగిపాత్రలో పూవులను వేసి నీళ్ళుపోసి, మూత యంచులను మట్టితో మెత్తి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టము గుండ చన్నీళ్ళలో నుంచిన మఱియొక పాత్రకు పోయి చల్లాఱును. ఆ పాత్రలో ముందుగ పోసియుంచిన చందనతైలము పూవుల వాసనను పీల్చుకొనును. అదియే అత్తరు. కాల్చిన మట్టిపెళ్ళలనుండి తొలకరివాసనను గూడ వారిట్లే దించుదురు. 1964 లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తొలకరివాసనకు కారణమును విచారించి ప్రకటించినప్పుడు ఈ మట్టి అత్తరును పేర్కొనిరి. గంధము పృథివికి విశేషగుణమని మన తార్కికులు చెప్పినమాటకు ఇంతకంటె ముచ్చటైన నిదర్శన మేమి కావలయును?

కొనువారు ఒక లెక్కను గుర్తుంచుకొనవలెను. ఒక్క కిలో గులాబీ తైలమునకు సుమారు 3, 4 వేల కిలోల రేకులు కావలయును. కనుక చవుకగా దొరకు 'గులాబీ తైలము' నిజమైన గులాబీ తైలము కాజాలదు. నిమ్మగడ్డి, నీలగిరి తైలములు మాత్రము ఆకులనుండి ధారాళముగ దిగును గనుక అవి సరసమైన వెలకే దొరకుట సహజము.

ముక్కునుండి మనస్సునకు

వాత్స్యాయనుడు లెక్కించిన అఱువదినాలుగు కళలలో గంధయుక్తి యొకటి. వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికై ఒక అధ్యాయమునే వ్రాసెను. అయితే వాసన మనస్సును ఏ దారిని తాకునో తెలిసినది మాత్రము ఇటీవలనే. ముక్కులోపలి పైభాగమున వాసనలను గుర్తించు గ్రాహకములు కలవు. వాని వంశసూత్రములను రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనువారు 1991 లో కనుగొని ప్రకటించిరి. అందులకు 2004 లో వారికి నోబెల్ బహుమానము లభించినది. మనుష్యునకు పనిచేయు గ్రాహకములు సుమారు 400 రకములు. ఒక్కొక్క వాసన వీనిలో కొన్నింటిని మేల్కొలుపును. వీణపై కొన్ని మెట్లు నొక్కినచో ఒక రాగము పలికినట్లు, ఆ కలయికనుబట్టి ఇది మల్లె, ఇది ఇంగువ యని మనకు తెలియును.

చూపును, వినికిడియు మెదడులో నొక మజిలీ చేసి గాని లోనికి పోవు. వాసన యట్లు గాక, భయము, ప్రీతి, జ్ఞాపకము పుట్టుచోట్లకు ఇంచుమించు సూటిగనే చేరును. అందువలననే పాత పెట్టె తెఱవగనే వచ్చిన కర్పూరపు వాసనకు, ఎన్నడో గతించిన అమ్మమ్మ కన్నులయెదుట నిలుచును. తెలివి తెచ్చుకొని కారణము వెదకులోపలనే కంట నీరు నిండును.

దీనినుండి తేలుచున్న దేమనగా, ఒకే పరిమళము అందఱి మనస్సునకు ఒకేరీతి పనిచేయదు. అగరువత్తి వాసన ఒక యింటి కోడలికి దేవుని గదిని, పూజవేళను స్ఫురింపజేయును. చిన్ననాడు చావింట ఆ వాసన పీల్చిన మఱియొకతెకు గుండె దడ పుట్టించును. 'ఈ తైలము ఈ దిగులునకు' అని పట్టిక వ్రాసి అందఱకు పంచువారు ఈ సంగతిని మఱచుచున్నారు.

పరీక్షలకు నిలిచినదెంత?

'సుగంధచికిత్స' యను పేరును ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడు గట్‌ఫోసే తన పుస్తకమునకు పెట్టి 1937 లో ప్రచురించెను. నాటినుండి ఎన్నో మాటలు ప్రచారమునకు వచ్చినవి. వానిలో పరీక్షకు నిలిచినవి కొన్నియే.

ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయమువారు 2003 లో ప్రకటించిన పరిశోధనయందు 144 మందిని మూడు తెగలుగ విభజించి, ఒక తెగను లావెండరు వాసనగల గదిలోను, ఒక తెగను రోజ్‌మేరీ వాసనగల గదిలోను, మూడవ తెగను ఏ వాసనయు లేని గదిలోను కూర్చుండబెట్టి జ్ఞాపకశక్తిని పరీక్షించిరి. మన తులసికి, మరువమునకు చుట్టమైన రోజ్‌మేరీ వాసన పీల్చినవారు విషయములను బాగుగ గుర్తుంచుకొనిరి గాని గుర్తుతెచ్చుకొనుటలో కొంత నిదానించిరి. లావెండరు పీల్చినవారికి అప్పటికప్పుడు మనసున నిలుపుకొను శక్తియే తగ్గినది. చదువుకొను పిల్లవాని బల్లపై లావెండరు సీసా నుంచు తల్లులు ఈ సంగతి గమనింపవలయును. అది పండుకొనువేళకు తగినది గాని పద్యము వల్లించువేళకు గాదు. మా యింటివారు ఉపాధ్యాయులు. ఈ ముచ్చట చెప్పగా, 'వాసన యేదైనను సరియే, ముందు పుస్తకము తెఱువవలెను గదా' అని నవ్విరి.

అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2008 లో 56 మందిపై నింకొక పరీక్ష జరిపిరి. నిమ్మతైలపు వాసన మనస్సును ఉల్లాసపఱచినమాట నిజమే యని తేలినది. కాని నిమ్మయు, లావెండరును గూడ చర్మమునకైన గాయమును త్వరగ మాన్పలేదు. నొప్పిని తగ్గింపలేదు. శరీరమున ఆందోళనను సూచించు రసములను శమింపజేయలేదు.

ఈ రెండు పరిశోధనలనుండి మేము గ్రహించినది యొక్కటియే. పరిమళము మనస్సున కొక తెఱపి నీయగలదు. ఆ తెఱపిలో మనము ఊపిరి పీల్చుకొనవచ్చును. అంతకు మించి దానిని వ్యాధికి మందనుట సాహసము. ఈ మాటను పరిశోధనలు చదివి నేర్చుకొనుటకు ముందే, మా యింటనే కష్టపడి నేర్చుకొంటిమి.

మా యింటి కథ

మా ఆడపడుచు తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చినది. సుఖముగ ఆడపిల్లను ప్రసవించినది. మొదటి పదిదినములు కన్నీరు పెట్టుకొన్నను, అది బాలింతలకు సహజమేయని మా అత్తగారు ఓదార్చిరి. ఆ మాట నిజమే. కాన్పయిన కొలదిదినములకు మనస్సు చిన్నబోవుట ఎందఱకో కలుగును. రెండు వారములలో దానంతటదియే తీఱిపోవును. కాని మా పిల్లకు మూడవ వారము గడచినను తీఱలేదు. బిడ్డ నిద్రించినను తాను నిద్రింపదు. కంచము ముందు కూర్చుండి మెతుకులు కెలకును. బిడ్డను ఎత్తుకొనుటకు చేతులు వణకును.

దృష్టి తగిలినదని కొందఱు, గాలి సోకినదని కొందఱు అనిరి. అప్పుడు మాకు పరిచయముగల యొకావిడ పరిమళతైలముల సీసాలు తెచ్చి, 'ఇది కణతలకు, ఇది దిండుపై, ఇది స్నానపు నీళ్ళలో. నలువది దినములలో మనిషి మామూలగును. మందుల జోలికి పోవలదు, పాలు చెడును' అని గట్టిగ చెప్పెను. ఆ మూడు సీసాల వెల మా యింటి నెల బియ్యపు వెలకు సమానము. అయినను కొంటిమి. సందేహింపవలసిన మేమును సందేహింపక, లెక్కతప్పకుండ చుక్కలు వేసితిమి. వాసన హాయిగ నుండెను. ఆ రాత్రి గంటసేపు నిద్రపోయినది. ఇల్లంతయు సంతోషించినది. ఆ ఒక్కగంట నిద్రయే మమ్ము నెలదినములు మోసగించినది.

ఆ దినములలో మేము సాయంకాలము ఇరుగుపొరుగు కన్నెపిల్లలకు శాకుంతలము చెప్పుచుంటిమి. మూడవ యంకము వచ్చినది. శకుంతల తాపముతో పడియుండగా చెలికత్తెలు వట్టివేళ్ళ లేపనము పూయుదురు, తామరాకులతో విసరుదురు. శరీరమునకు చేయవలసిన శీతలోపచారము లన్నియు చేయుదురు. అయినను అంతటితో ఊరకుండరు. రోగమేదో నిజముగ తెలియనిదే ప్రతిక్రియ ఆరంభింపరాదని తలచి, 'నీ బాధ యేమి?' అని ఆమెనే అడుగుదురు. చిన్ననాట మా నాయనగారు చెప్పగా ఎన్నోమాఱులు విన్న ఘట్టమే. ఆనాడు మాత్రము పుస్తకము మూసి ముందునకు చెప్పలేకపోతిమి. నెలదినములుగ లేపనము పూయుచున్నాము గాని, బాధ యేమని మా పిల్లను ఒక్కరమైన అడిగితిమా?

ఆ రాత్రి దీపము తగ్గించి ఆమెచెంత కూర్చుండి అడిగితిమి. చాలసేపు పలుకలేదు. పిదప, 'వదినా! నేను లేకున్ననే ఈ పిల్ల సుఖముగ పెరుగునని తోచుచున్నది. బావివైపు పోవుటకు భయముగ నున్నది' అన్నది. దిండునుండి లావెండరు వాసన అప్పటికిని గుప్పున వచ్చుచునే యుండెను.

ఆ రాత్రి ఆమె నొంటరిగ విడువలేదు. తెల్లవాఱగనే మా యింటివారును, మేమును ఆమెను ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోతిమి. అచ్చటి మానసిక వైద్యురాలు ఓపికతో విని, ఇది కాన్పు పిమ్మట వచ్చు వ్యాధి యనియు, తల్లి తప్పుగాని, బిడ్డపై ప్రేమలేమిగాని కాదనియు, చికిత్సకు లొంగునదే యనియు చెప్పెను. పాలిచ్చు తల్లులకు తగిన మందులు కలవనియు, వానిని వైద్యుల సలహాతోనే వాడవలెననియు బోధించెను. మందును, వారమునకొకమాఱు మాటలాడుటయు, రాత్రివేళ బిడ్డను మేము చూచుకొని ఆమెకు నిద్ర కల్పించుటయు జరిగినవి. నాలుగైదు నెలలకు ఆమె మునుపటి మనిషియైనది. ఒకనాడు స్నానమునకు పోవుచు, 'వదినా, నీళ్ళలో రెండు వట్టివేళ్ళు వేయరాదా?' అని తానే అడిగినది. ఆ మాట విన్నప్పటి మా సంతోషమును ఏమని వ్రాయుదుము!

ఆ సీసాలనమ్మిన యావిడను మేము నిందింపము. ఆమెయు నమ్మియే చెప్పినది. హాని కలిగించినది తైలము కాదు. అది చాలునన్న మాట.

వాడుకొను విధము

పరిమళమును ఇంటినుండి వెళ్ళగొట్టవలెనని మా అభిప్రాయము కాదు. మేము నేటికిని వాడుచున్నాము. పండుకొనుటకు ముందు చేతిరుమాలుపై ఒక్కచుక్క లావెండరు వేసి దిండుకు కొంత దూరముగ నుంచుదుము. మధ్యాహ్నపు బద్ధకమునకు నిమ్మతొక్కను గిల్లి వాసన చూచిన చాలును; దానికి సీసాయే యక్కఱలేదు. కుండలోని త్రాగునీటికి శుభ్రపఱచిన వట్టివేళ్ళు, పూజగదిలో మరువము, సంజవేళ మల్లెలు. ఇంతకంటె సులభమైన సుగంధచికిత్స యేది?

మేము పాటించు చిన్న నియమ మొకటి కలదు. ఇష్టమైన పరిమళము నొకదానిని విశ్రాంతివేళకే ప్రత్యేకించి, ప్రతిదినము ఆ వేళకే వాడి, ఆ పది నిమిషములు మఱి యే పనియు పెట్టుకొనరాదు. జ్ఞాపకమునకును వాసనకును గల చుట్టఱికమువలన, కొన్నాళ్ళకు ఆ వాసన తగులగనే మనస్సు తనంతట తాను నెమ్మదించుట అలవాటు చేసికొనును. ఇందులో తైలము పాలెంతో, ఆ పది నిమిషముల విశ్రాంతి పాలెంతో విడదీసి చెప్పజాలము. గృహిణికి రెండును అవసరమే.

ఒంటికి రాయవలసివచ్చినచో నేరుగ రాయకుడు. ఒక చిన్న చెంచా, అనగా 5 మిల్లీలీటర్ల, నువ్వులనూనెకు గాని కొబ్బరినూనెకు గాని ఒకటి రెండు చుక్కలు చాలును. ముందు మోచేతి మడతవద్ద కొంచెము రాసి ఒకదినము చూడవలెను. దాల్చిన, లవంగ తైలములు చర్మమును మండించును. పిండి తీసిన నిమ్మతొక్క తైలము రాసికొని ఎండలోనికి పోయినచో బొబ్బలెక్కవచ్చును.

జాగ్రత్తలు

ఈ సీసాలు పసిపిల్లలకు అందనిచోట తాళములో నుండవలెను. నీలగిరితైలము ఒక చెంచాడు కడుపులోనికి పోయినను పసివానికి ప్రాణాపాయము కలుగవచ్చును. కర్పూరమును అట్టిదే. చిన్నముక్క మ్రింగినను కొలది నిమిషములలో మూర్ఛ రావచ్చును. అట్టి యాపద వచ్చినచో వాంతి చేయింపబోక, సీసాతోసహా బిడ్డను వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలయును. జలుబు చేసినదని రెండేండ్లలోపు బిడ్డల ముక్కుకడను, రొమ్ముపైనను కర్పూరపు లేపనములు రాయుట మానుడు. మూర్ఛవ్యాధిగలవారికి కర్పూరము, నీలగిరి తైలములవలన మూర్ఛలు మఱల వచ్చుట గలదని బెంగుళూరు నరవైద్యులు కొందఱు గమనించి ప్రకటించియున్నారు. గర్భిణులు, ఉబ్బసముగలవారు వైద్యుల నడిగియే వాడవలెను.

బాలింత గదిలో తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయు ఆచారము మనలో కలదు. తల తడి యారుటకు, సువాసనకు ఏర్పడిన యలవాటది. కాని నవజాతశిశువు ఊపిరితిత్తులు ఆ పొగను ఓర్వజాలవు. తల్లి జుట్టునకు పొగ పట్టింపదలచినచో బిడ్డను వేఱుగదిలో నుంచి, కిటికీలు తెఱచి, కొంచెముగ వేయుడు. పెద్దల మనస్సు నొప్పింపకయే ఇంతమాత్రము మార్పు చేయవచ్చును. మా అత్తగారే ఇప్పుడు పొరుగువారికి ఈ మాట చెప్పుచున్నారు.

సోదరీమణులారా! మీ యింట ఎవరికైన దిగులు రెండు వారములకు మించి యుండినను, నిద్రయు తిండియు తప్పినను, బ్రతుకు వలదను మాట నోట వచ్చినను, సీసాకొఱకు వెదకకుడు. ముందు చెంతకూర్చుండి, 'నీ బాధ యేమి?' అని అడుగుడు. పిమ్మట వైద్యునియొద్దకు తోడుగ పొండు. దగ్గఱలో వైద్యశాల లేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో మన దేశమున ఆరంభింపబడిన టెలీ మానస్ సేవ యది. ఏ వేళనైనను, తెలుగులో మాటలాడువారు వెలలేకుండ సలహా చెప్పుదురు.

శకుంతలకు చెలులు పూసిన వట్టివేళ్ళ లేపనము వ్యర్థము కాలేదు. అది ఆమెకు మాటలాడునంతటి యూరట నిచ్చినది. కాని ఆమె కథను మార్చినది లేపనము కాదు, చెలులడిగిన ప్రశ్న. మన యిండ్లలో పరిమళమునకు లోటులేదు. ఆ ప్రశ్నకును లోటు రాకుండుగాక.